అశ్వికదళపు కోల్టు రివాల్వరు: ముద్రలును మూలరూపమును

1873వ సంవత్సరమున అమెరికా సంయుక్త రాష్ట్రముల సైన్యము, తన అశ్వికదళమునకై 8,000 రివాల్వరులు చేసియిమ్మని హార్ట్‌ఫర్డు నగరమందలి కోల్టు కర్మాగారముతో ఒడంబడిక చేసికొన్నది. 7½ అంగుళముల గొట్టము గలదియు, .45 తూటాను పేల్చునదియు, ప్రతి గుండునకు ముందు సుత్తిని బొటనవ్రేలితో వెనుకకు లాగవలసినదియు నగు ఆ ఆరుగుండ్ల ఆయుధము, పిమ్మట చలనచిత్రముల పుణ్యమా అని లోకమంతట పేరుమోసినది. చిత్రములలో దానిని నడుమున కట్టువాడు పశువుల కాపరియో బందిపోటో అయియుండును గాని, దానికి తొలి గిరాకి తెచ్చినది సర్కారు. 1891 వరకు సుమారు 37,000 రివాల్వరులను సైన్యము కొన్నది. వానిపై గల ముద్రలను చదువు విద్యయు, ఆ ముద్రలను దొంగచాటుగా సృష్టించు విద్యయు ఆ కొనుగోలునుండియే పుట్టినవి.

సర్కారు సొమ్ముతో కొను వస్తువును సర్కారు మనిషి చూడక పుచ్చుకొనుట పద్ధతి కాదు. కావున స్ప్రింగ్‌ఫీల్డు ఆయుధాగారమునకు చెందిన పరీక్షకులు కోల్టు కర్మాగారముననే కూర్చుండి, ఒక్కొక్క భాగమును చూచి, నచ్చినదానిపై తమ పేరిటి అక్షరమును కొట్టుచుండిరి. గొట్టమును, తూటాల సిలిండరును ఒత్తిడికి తాళినవని నిర్ధారించి ‘పి’ అను ముద్ర వేయుదురు. త్రోసివేసినదానిపై ‘సి’ పడును. చట్రము ఎడమ ప్రక్కన ‘యు.ఎస్.’ అని సర్కారు గురుతు. పిమ్మట అక్రోటు కొయ్య పిడిపై పరీక్షకుని పొడి అక్షరములను చిన్న చట్రములో అదిమి ముద్రింతురు. ఈ అక్షరములు కీర్తికొరకు వేసినవి కావు. ఎడారి నడుమ ఏ సిపాయి చేతిలోనైన తుపాకి పగిలినచో దానికి ఉత్తరవాది ఎవడో తెలియుటకై వేసినవి. గుమాస్తా దస్తావేజుపై చేయు చేవ్రాలువంటివి అవి. నూరేండ్లకు పైబడిన పిదప వానిని బట్టి వేలకొలది డాలర్లు చేతులు మారునని వేసినవారికి తోచియుండదు.

ఆ పరీక్షకులలో మొదటివాడు ఆర్విల్ ఐన్స్‌వర్త్. 1873 శరత్తునుండి ఇంచుమించు ఒక్క సంవత్సరమే అతడు ఈ పని చూచెను. అతని ‘ఏ’ అక్షరమును, పిడిమీది ‘ఓ.డబ్ల్యు.ఏ.’ ముద్రయు నేడు సేకర్తలకు కంటికి కాటుకవలె ప్రియమైనవి. కారణము, 1876 జూన్ 25న లిటిల్ బిగ్‌హార్న్ నదీతీరమున సేనాని కస్టర్‌తోపాటు లకోటా, షయెన్ తెగల వీరుల చేత కూలిన ఏడవ అశ్వికదళపు సిపాయిలు ధరించినవి ఈ కాలపు రివాల్వరులే. ఆ పోరాటస్థలమున 1983లో గడ్డి తగులబడి నేల బయటపడగా, మరుసటి యేట పురాతత్త్వజ్ఞులు త్రవ్వకములు సాగించి, తూటా డొల్లల వెనుక సుత్తిమొన దిగిన గుంటలను సూక్ష్మదర్శినితో పోల్చి, ఏ డొల్లలు ఒకే తుపాకినుండి వెలువడినవో గుర్తించిరి. మనుష్యుడు కొట్టిన ముద్రను కల్పింపవచ్చునుగాని, తుపాకి తానై కొట్టిన యీ ముద్రను కల్పించుట మిక్కిలి కష్టము.

కల్పనకు దిగువారికి కొదవ లేదు. సాధారణమైన కోల్టును అశ్వికదళపుదిగా మార్చినచో వెల అనేక రెట్లు పెరుగునుగదా! అట్టివానిని పట్టుకొనుటకు నిపుణుడు మొదట అంకెలను చూచును. చట్రము అడుగున ఒకటి, మీటను కాపాడు కమ్మీమీద ఒకటి, పిడి వెనుకటి పట్టీ అడుగున ఒకటి — ఈ మూడు చోట్లను వరుస సంఖ్య ఒకటే ఉండవలెను. తొలినాటివానిలో సిలిండరు మీదను, ఖాళీ డొల్లను నెట్టు కడ్డీ గూటిని విప్పినగాని కానరాని గొట్టము అడుగున సైతము ఆ సంఖ్యయే ఉండును. తరువాత తేదీలు. చట్రముపై 1871 సెప్టెంబరు 19, 1872 జూలై 2 అను రెండు పేటెంటు తేదీలు మొదటినుండియు కలవు. 1875 జనవరి 19 అను మూడవది ఆ పిమ్మట చేరినది. 1874తో పని ముగించిన ఐన్స్‌వర్త్ ముద్రగల పిడి, మూడు తేదీల చట్రమునకు తగిలించియున్నచో, ఆ పిడి వేరొక తుపాకినుండి వచ్చినదని తెలిసికొనుటకు భూతద్దము కూడ అక్కరలేదు.

భూతద్దము కావలసినది అక్షరముల అంచులకు. ఉక్కు ముద్రను సమ్మెటతో కొట్టినపుడు లోహము ప్రక్కలకు ఒత్తిగిలును. అటుపిమ్మట నునుపుచేయుటయు, నీలివన్నె పట్టించుటయు జరుగును. కర్మాగారమున వేసిన ముద్రకు చుట్టును ఉపరితలము చదునుగా నుండి, అరుగుదల అక్షరమునకును పరిసరములకును సమముగా నుండును. ఇటీవల కొట్టినదానిచుట్టు చిన్న గట్టు మిగులును, లోపలి లోహము మెరయుచుండును. చట్రమునకు కాల్చి గట్టిచేసిన పైపొర కలదు గనుక దానిపై క్రొత్త ముద్ర సులువుగా దిగదు. తుప్పు తొలగింపవలెనని అతిగా సానపట్టినచో అక్షరములు పలుచబడి, మరమేకుల రంధ్రముల అంచులు గిన్నెలవలె లోతగును. ఇట్లు మెరయించినదానికంటె మాసినదే మేలని నా అభిప్రాయము. మెరుపు ఎప్పుడైన తెప్పింపవచ్చును, అరుగుదలను తెప్పింపలేము.

ఇంతవరకు చెప్పినదంతయు సంఖ్యలు కలియవలెనను సూత్రముపై ఆధారపడినది. ఈ సూత్రము తలక్రిందులగు సందర్భ మొకటి కలదు. ఈ విద్యలో నాకు మిక్కిలి రుచించునది అదియే. 1892లో సైన్యము .38 తూటాగల క్రొత్త కోల్టును స్వీకరింపగా, పాతవి గిడ్డంగులకు చేరినవి. 1895 మొదలు 1903 వరకు వానిని వెలికి తీసి, గొట్టములను రెండంగుళములు కోసి 5½ అంగుళములకు తగ్గించి, ఫిరంగిదళమునకు, పదాతులకు పంచిరి. ఆ మార్పులో భాగములను విప్పి, తుడిచి, బాగుచేసి, సంఖ్యలను లెక్కింపక చేతికందినదానిని అందినదానికి బిగించిరి. కాబట్టి సేకర్తలు ‘ఆర్టిలరీ మోడల్’ అని పిలుచు ఈ పొట్టి రివాల్వరులో చట్రముది ఒక సంఖ్య, సిలిండరుది వేరొకటి, పట్టీది ఇంకొకటిగా నుండుటయే సహజము. పిడిపై ‘ఆర్.ఏ.సి.’, అనగా రినాల్డో కార్ అను పరీక్షకుని ముద్ర తరచుగా కాననగును. స్పెయినుతో యుద్ధమునకును, ఫిలిప్పీను ద్వీపములకును పోయినవి ఇట్టివే. సంఖ్యలన్నియు ఏకమై, గొట్టము మాత్రము పొట్టిగా నున్న రివాల్వరు చేతికి వచ్చినచో సంతసింపరాదు. ఎవడో నిన్న మొన్న కోసినదేమోయని అనుమానింపవలెను. అట్లే పొట్టిగొట్టమును అతికి పొడవుచేసి, అంకెలను గీకి ఏకముచేసి, ఆర్టిలరీ మోడలునే అశ్వికదళపుదిగా అమ్మువారును కలరు. మూలరూపమనగా తొలినాటి రూపమని మాత్రమే తలచువాడు ఇక్కడ మోసపోవును. సైన్యమే విప్పి, సైన్యమే బిగించినది గనుక ఆ కలగాపులగమే దాని నిజమైన రూపము.

కోల్టు సంస్థ తన పాత చిట్టాలను చూచి, ఫలానా సంఖ్యగల రివాల్వరు ఎప్పుడు ఎవరికి పంపబడినదో తెలుపుచు లేఖ యిచ్చును. ఆ లేఖను కొందరు వేదవాక్యముగా చూపుదురు. అది సంఖ్యను గూర్చిన సాక్ష్యమే గాని, మన చేతిలోని లోహమును గూర్చినది కాదు. సంఖ్యను గీకి మార్చినవాడు ఆ క్రొత్త సంఖ్యకే లేఖ తెప్పించుకొనగలడు. అమెరికాలో 1968 నాటి చట్టము 1898వ సంవత్సరాంతము వరకు తయారైన తుపాకులను పురాతన వస్తువులుగా వేరుచేసినది గనుక, అచ్చట వరుస సంఖ్యకు ధరతోపాటు చట్టరీత్యా కూడ విలువ కలదు.

మ్యూజియమున గాని, వేలముశాలలో గాని ఇట్టి రివాల్వరు మీ కంటబడినచో యజమాని చెప్పు యుద్ధకథను పిమ్మట వినుడు. ముందుగా పిడి విప్పి చూపుమనుడు, చూపనొల్లనివానియొద్ద కొనకుడు.