రెండో కన్ను ఎప్పుడు? పులికాట్ తీరంలో శుక్లాలు, నడక, పడిపోవడాలు

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు పులికాట్ సరస్సును చీల్చుకుంటూ సాగుతుంది. ఎండాకాలంలో సరస్సు ఉత్తర భాగం చాలావరకు ఎండిపోయి, ఉప్పు పేరిన తెల్లటి నేల బయటపడుతుంది. శుక్లం ముదిరిన కంటికి ఇది కష్టమైన నేల. మసకబారిన కటకం లోపలికొచ్చే వెలుగును చెదరగొడుతుంది. ఎక్కడ మెరకో ఎక్కడ పల్లమో చెప్పే పలచటి నీడలు ఆ తెలుపులో కలిసిపోతాయి.

తడ మండలంలోని ఇరకం దీవికి భీములవారిపాళెం రేవులో పడవ ఎక్కాలి. మబ్బు పట్టిన తెల్లవారుజామున చెక్కదీ బూడిద రంగే, నీళ్లదీ బూడిద రంగే. పడవ అంచు ఎక్కడుందో తేల్చుకోవాలి, అదీ కదులుతున్న అంచు. ఒక కాలు రేవు మీద, మరో కాలు పడవలో ఉన్న ఆ క్షణంలో శరీరాన్ని నిలబెట్టేవి మూడు: లోచెవి, అరికాళ్లూ కీళ్లూ ఇచ్చే స్పర్శ, చూపు. వయసుతో మొదటి రెండూ మందగిస్తాయి. చక్కెర జబ్బు ఉంటే అరికాలి స్పర్శ ఇంకా తగ్గుతుంది. అప్పుడు భారం కళ్ల మీద పడుతుంది.

కంటి శిబిరంలో మనం కొలిచేది మాత్రం తెల్ల అట్ట మీది నల్లటి అక్షరాలను చదివే చూపును. సిడ్నీలో పరిశోధకులు లార్డ్, డేహ్యూ 2001లో ప్రచురించిన అధ్యయనంలో పడిపోవడాన్ని బాగా ముందుగా సూచించినవి దూరాన్నీ లోతునూ పసిగట్టే శక్తి, వెలుగునీడల తేడాను గుర్తించే శక్తి. లోతు సరిగ్గా తెలియాలంటే రెండు కళ్లూ కలిసి పనిచేయాలి. ఈ వ్యాసం వాదన దీని మీదే నిలుస్తుంది: ఒక కంటికి ఆపరేషన్ చేసి ఇంటికి పంపితే, పడిపోవడాల విషయంలో వైద్యం సగంలో ఆగినట్టే.

ఆపరేషన్ మేలు చేస్తుందనడానికి గట్టి ఆధారం 2005 నాటి నాటింగ్‌హామ్ ప్రయోగం. 70 ఏళ్లు దాటిన 306 మంది స్త్రీలలో కొందరికి సుమారు నెలలోనే మొదటి కంటికి ఆపరేషన్ చేశారు, మిగతావారు మామూలుగా ఏడాది దాకా వేచి ఉన్నారు. త్వరగా చేయించుకున్నవారిలో పడిపోవడాలు 34 శాతం తగ్గాయి. ఎముకలు విరిగినవారు వీరిలో నలుగురు, వేచి ఉన్నవారిలో పన్నెండు మంది. అమెరికాలో 11 లక్షలకు పైగా మెడికేర్ లబ్ధిదారుల రికార్డులను పరిశీలించి 2012లో ప్రచురించిన అధ్యయనంలోనూ, ఆపరేషన్ తర్వాతి ఏడాదిలో తుంటి ఎముక విరిగే అవకాశం 16 శాతం తక్కువగా కనిపించింది. అది ప్రయోగం కాదు కాబట్టి దానికి నేను కొంత తక్కువ బరువే ఇస్తాను.

పశ్చిమ ఆస్ట్రేలియా ఆసుపత్రి రికార్డుల మీద 2014లో వచ్చిన అధ్యయనం మనల్ని ఆపి ఆలోచింపజేయాలి. మొదటి కంటి ఆపరేషన్‌కూ రెండోదానికీ మధ్య కాలంలో, గాయపడి ఆసుపత్రిలో చేరేంతగా పడిపోయే ముప్పు, ఆపరేషన్‌కు ముందుతో పోలిస్తే రెట్టింపైంది. రెండు కళ్ల పవర్‌లో తేడా, చెదిరిన లోతు అంచనా, చూపొచ్చిందన్న ధైర్యంతో పెరిగిన నడక, ఈ మూడూ కారణాలు కావచ్చు. సిడ్నీలోనే 70 దాటిన 616 మందితో చేసి 2007లో ప్రచురించిన ప్రయోగంలో, కళ్లు పరీక్షించి కొత్త అద్దాలూ వైద్యమూ అందించిన బృందంలో 65 శాతం మంది పడ్డారు, మామూలుగా వదిలేసిన బృందంలో 50 శాతం. చూపు ఒక్కసారిగా మారితే కాళ్లు దానికి అలవాటు పడటానికి సమయం కావాలి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1996–2000 మధ్య 10,293 మందిని పరీక్షించిన ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ అధ్యయనం అంధత్వం 1.84 శాతమని, అందులో 44 శాతానికి శుక్లాలే కారణమని తేల్చింది. ఆ తర్వాత ఆపరేషన్లు పెరిగాయి. 2020 ఫిబ్రవరిలో కర్నూలులో అవ్వాతాతల కోసం రాష్ట్ర ప్రభుత్వ కంటి వైద్య పథకం 'కంటి వెలుగు' మూడో దశ మొదలైంది. ఇదంతా నిజమైన మేలు. అయితే పులికాట్ ఒడ్డున మోకాలిలోతు నీళ్లలో చేతులతో తడుముతూ రొయ్యలు పట్టే యానాది స్త్రీకి ఒక ఆపరేషన్ అంటే కొన్ని వారాల కూలి పోవడమే, ఎందుకంటే ఆ కంటికి మురికినీరు తగలకూడదు. తోడు వచ్చిన కోడలి కూలీ పోతుంది. ఒక కన్ను కనబడ్డాక రెండోది వాయిదా పడటం ఆమె నిర్లక్ష్యం కాదు, ఇంటి లెక్క. ఆ లెక్కను మార్చాల్సింది పథకమే: మొదటి కంటి కట్టు విప్పే రోజే రెండో కంటికి తేదీ ఇవ్వాలి, పోయిన కూలికి కొంత పరిహారమూ ఇవ్వాలి.

అద్దాల విషయం కూడా ఇక్కడే తేలాలి. ఆస్ట్రేలియాలో 606 మందితో చేసిన 2010 నాటి ప్రయోగంలో, రెండు మూడు పవర్‌లున్న అద్దాలకు బదులు దూరపు చూపు అద్దాలు పెట్టుకుని బయట తిరిగినవారిలో, రోజూ బయట పని ఉన్నవారు తక్కువగా పడ్డారు. బయటికి పెద్దగా రానివారు మాత్రం బయట ఎక్కువసార్లు పడ్డారు. రేవులోనూ గట్ల మీదా తిరిగే మన తీరపు వృద్ధులు మొదటి రకం. వారికి నడకకు ఒక జత, దగ్గర పనికి మరో జత ఇవ్వడం మేలు. ఇంటి గడపకు పసుపు రాసినట్టే రేవు మెట్ల అంచులకూ ముదురు పసుపు రంగు వేస్తే మసక చూపుకు అంచు చిక్కుతుంది.

శిబిరంలో చూపు కొలిచే మనిషి అక్షరాల అట్ట తీయడానికి ముందే, "అవ్వా, ఈ ఏడాదిలో ఎక్కడన్నా పడ్డావా?" అని అడిగి, జవాబును కాగితం మీద రాయాలి. పడ్డానన్న అవ్వకు రెండో కంటి తేదీ జాబితాలో ముందుకు జరగాలి.