తంగేడు చెక్క, కరక్కాయ నీళ్లు

కర్నూలు జిల్లా ఓర్వకల్లు రాతి నేలల్లో, వానలు ముఖం చాటేసినా పచ్చగా పూసే తంగేడుకు తోలు చరిత్రలో పెద్ద చోటుంది. మాదిగ వృత్తికారులు దాని చెక్కను లందల్లో (తోలు పదునుచేసే తొట్లలో) వేసి తోళ్లు ఊనేవారు.

తంగేడుతో ఊనిన తోలే మద్రాసు రేవు నుంచి ‘ఈస్టిండియా కిప్స్’ పేరుతో లండన్ చేరింది. 1914-18 యుద్ధంలో బ్రిటిష్ సైనికుల బూట్లయింది. ఈ తోలుకు ఒక చిక్కుంది: వెలుతురు తగిలేకొద్దీ ఎరుపెక్కుతుంది. అందుకే చివర్లో కరక్కాయ నీళ్లు పట్టించేవారు. బడి చదువు లేని చేతులు సాధించిన ఈ రసాయన విద్యకు చరిత్ర పుస్తకాల్లో దక్కిన చోటు చాలా తక్కువ.

 

20వ శతాబ్ది తొలి ఏళ్లలో ఇంజనీరు ఆల్ఫ్రెడ్ చాటర్టన్ మద్రాసులో, చెక్కకు బదులు క్రోమియం లవణాలతో తోలు ఊనే క్రోమ్ పద్ధతిని ప్రయోగించారు. వారాల పని రోజుల్లో ముగిసేసరికి లందలు క్రమంగా వెనకబడ్డాయి.