అందరినీ చేర్చుకునే బడి

పదో తరగతి ఫలితాలు వచ్చిన ప్రతిసారీ మా నర్సంపేట ప్రాంతంలో సర్కారు బడుల మధ్య పోలిక మొదలవుతుంది. గురుకులం ముందు, మోడల్ స్కూల్ దాని వెనక, ఊళ్లోని జిల్లా పరిషత్ హైస్కూల్ అందరికన్నా వెనక అని జనం తేల్చేస్తారు. 2024లో రాష్ట్రం మొత్తం మీద 91.31 శాతం మంది పాసైతే, గురుకులాల్లో అది 98 శాతం దాటింది. అంకెల్లో తప్పు లేదు, వాటితో చెప్పే తీర్పులోనే ఉంది. ఈ బడులన్నీ సర్కారువే అయినా ఒక్కొక్కటి ఒక్కో కాలంలో, ఒక్కో అవసరం కోసం పుట్టింది. ఏ బడి ఎవరిని చేర్చుకుంటుందో, ఎవరిని వదిలేస్తుందో చూడకుండా మంచి చెడ్డలు తూచితే, అందరికన్నా బరువైన పని చేస్తున్న బడికే అన్యాయం జరుగుతుంది.

ఊరిబడి ఎక్కడ మొదలైందో గుర్తుచేసుకోవాలి. నిజాం పాలనలో పై చదువు ఉర్దూలో సాగింది. 1918లో వచ్చిన ఉస్మానియా విశ్వవిద్యాలయం బోధనాభాష కూడా ఉర్దూయే. ఊరివాళ్లు సొంతంగా ఖాన్గీ (ప్రైవేటు) బడి పెట్టుకోవాలన్నా సర్కారు అనుమతి కావాల్సి వచ్చేది. 1951 జనాభా లెక్కల నాటికి హైదరాబాదు రాష్ట్రంలో చదవడం, రాయడం వచ్చినవాళ్లు నూటికి పదిమంది కూడా లేరు. 1959 చట్టంతో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు ఏర్పడి, ఊళ్లల్లో చదువు వాటి చేతికి వచ్చింది. జిల్లా పరిషత్ హైస్కూల్ అన్న పేరు అక్కడిదే. వచ్చినవాళ్లను వచ్చినట్టు కూర్చోబెట్టడమే ఈ బడుల పని. పాలేరు కొడుకునూ పటేలు కొడుకునూ ఒకే రిజిస్టరులోకి ఎక్కించింది ఈ బడే. 2011 నాటికి ఉమ్మడి వరంగల్ జిల్లా అక్షరాస్యత 65.11 శాతానికి చేరడంలో పెద్ద పాలు దీనిదే.

ఎంపిక చేసి చేర్చుకునే బడి ఆ తర్వాత వచ్చింది. దాని వెనక ఉన్న మనిషి మా ప్రాంతం వాడే. నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో 1921లో పుట్టిన పి.వి. నరసింహారావు హైస్కూల్ చదువుకు హనుమకొండ వెళ్లాల్సి వచ్చింది. ఆయన ముఖ్యమంత్రిగా ఉన్న 1971లోనే నల్గొండ జిల్లా సర్వేలులో తొలి గురుకులం మొదలైంది. కేంద్ర విద్యామంత్రిగా నవోదయ విద్యాలయాలకు రూపమిచ్చిందీ ఆయనే. మామునూరు నవోదయ ఆ వరుసలోదే. పల్లె పిల్లల్లో చురుకైనవాళ్లకు పట్నం పిల్లలతో సమానంగా చదువు దొరకాలన్న ఆ ఆలోచన గొప్పది. కానీ దానిలోనే ఒక వడపోత ఉంది. నవోదయకు ఆరో తరగతిలో, గురుకులాలకు ఐదులో, 2013లో తెరిచిన మోడల్ స్కూళ్లకు ఆరులో ప్రవేశపరీక్ష. ఊరిబడి నాలుగైదేళ్లు అక్షరాలు దిద్దించి తయారుచేసిన మెరికలు అక్కడికి వెళ్తారు. మిగిలినవాళ్లతో అదే బడి పదో తరగతి దాకా నడవాలి. 2009 విద్యాహక్కు చట్టం చేర్చుకునేటప్పుడు పిల్లలను వడపోయకూడదంటూనే, నవోదయల వంటివాటిని ప్రత్యేక కోవ కింద పక్కన పెట్టింది. అంటే ఆ నియమం పూర్తిగా మోసేది ఊరిబడే.

ఫలితాల్లో తేడాకు వడపోత ఒక్కటే కారణమైతే ఇంత చెప్పనక్కర్లేదు. అదొక్కటే కాదనడానికి కస్తూర్బా విద్యాలయాలే సాక్ష్యం. 2004లో మొదలైన ఈ పథకం బడి మానేసిన ఆడపిల్లలకు, తల్లినో తండ్రినో పోగొట్టుకున్నవాళ్లకు ముందు చోటిస్తుంది, ప్రవేశపరీక్ష లేదు. అలాంటి పిల్లలే తిండి, పడక, సాయంత్రం కూర్చోబెట్టి చదివించే టీచరు దొరికితే పదో తరగతి గట్టెక్కుతున్నారు. పత్తి ఏరే రోజుల్లో, మిర్చి కోతల్లో ఊరిబడి పిల్ల చేనుకు పోతుంది. కస్తూర్బా పిల్ల తరగతిలో ఉంటుంది. ఇక ప్రాథమిక బడి లెక్క చూడండి. చట్టం ప్రకారం అరవై మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు. తరగతులు మాత్రం ఐదు. ఒక సారు ఒకటో తరగతికి గుణింతాలు చెప్తూనే మూడో తరగతికి లెక్క ఇవ్వాలి. రెండో సారు సెలవు పెట్టినా, ఎన్నికల పనికి పోయినా ఐదు తరగతులూ ఒక్కరి మీదే.

గురుకులాలు దళిత, గిరిజన, బీసీ పిల్లల తలరాత మార్చాయి కదా, వాటిని తక్కువ చేస్తారా అని అడగొచ్చు. వాటి మేలు కళ్లకు కనిపిస్తూనే ఉంది. ఒక్క తరం ముందు దాకా పలకే చూడని ఇళ్ల పిల్లలు ఇంజనీర్లు, డాక్టర్లు అవుతున్నారు. ఆ విజయం చెప్పేది ఒక్కటే: లోపం పిల్లల్లో లేదు, వాళ్లకు అందే ఏర్పాటులో ఉంది. ఊరిబడి సార్లు సరిగా చెప్పరన్నది ఇంకో మాట. బాధ్యత మరిచినవాళ్లను ప్రశ్నించాల్సిందే. కానీ తరగతికో టీచరును ఇవ్వకుండా ఇద్దరిని నిలదీసి ఊరుకుంటే బడి బాగుపడదు.

ఇరవై మంది కూడా లేని బడులను కలిపేస్తే తరగతికో టీచరు దొరుకుతారు కదా అన్న వాదన అన్నిటికన్నా బలమైనది. హైస్కూల్ చదువుకు అది కొంతవరకు సరైనదే; పన్నెండేళ్ల పిల్ల బస్సెక్కి పోగలదు, బస్సు గనక ఉంటే. ఆరేళ్ల పిల్లకు ఆ లెక్క పనికిరాదు. ప్రాథమిక బడి కిలోమీటరు దూరంలోనే ఉండాలని విద్యాహక్కు నిబంధనలు చెప్పింది ఇందుకే. తండాలో బడి మూతపడితే డబ్బున్న ఇంటి పిల్ల ప్రైవేటు బడి వ్యానెక్కుతుంది. కూలికి పోయే ఇంట్లో పిల్ల తమ్ముణ్ని చూసుకుంటూ ఆగిపోతుంది.

అందుకే బడులను పోల్చాలంటే పదో తరగతి శాతంతో ఆగకుండా మూడు ప్రశ్నలు అడగాలి: ఈ బడి ఎవరిని కాదంది? చేరినవాళ్లకు ఏమిచ్చింది? ఒకటో తరగతిలో చేరినవాళ్లలో ఎందరు చివరిదాకా నిలిచారు? మొదటి ప్రశ్నకు ఎవరినీ కాదనలేదని చెప్పగలిగేది ఊరిబడి. రెండో ప్రశ్నకు జవాబు ఇవ్వాల్సింది మాత్రం బడి కాదు, సర్కారు. ప్రాథమిక బడిలో తరగతికో టీచరు కూర్చున్న నాడు మూడో ప్రశ్నకు జవాబు ఆ బడే చెప్తుంది.