నెట్‌వర్క్ కార్డుల్ని చంపేసిన లినక్స్ బగ్: అసలు దొంగ ఎవరు?

బగ్ అంటే మనకి తెలిసింది ఏంటి? యాప్ క్రాష్ అవుతుంది, ఫోన్ హ్యాంగ్ అవుతుంది, రీస్టార్ట్ కొడతాం, అయిపోయింది. కానీ ఒక బగ్ వల్ల మెషిన్ లోపలి పార్టే పనికిరాకుండా పోతే? 2008లో లినక్స్‌లో నిజంగా ఇదే జరిగింది.

అప్పుడు లినక్స్ కెర్నల్ 2.6.27 ఇంకా టెస్టింగ్‌లో ఉంది. ఉత్సాహం ఉన్నవాళ్లు సొంత ల్యాప్‌టాప్‌లలో వేసుకుని చూస్తున్నారు. అందులో కొందరికి ఉన్నట్టుండి నెట్ పోయింది. ఇంటెల్ నెట్‌వర్క్ కార్డుల్ని నడిపే ఈ1000ఈ అనే డ్రైవర్, ఎన్‌వీఎం చెక్‌సమ్ తప్పు అని చెప్పి లోడ్ అవ్వనంటోంది. ఎన్‌వీఎం అంటే పవర్ తీసేసినా చెరగని చిన్న మెమరీ. కార్డు మ్యాక్ అడ్రస్, సెట్టింగ్స్ అన్నీ అందులోనే ఉంటాయి. దాంట్లో చెత్త పడింది. ఫార్మాట్ కొట్టినా లాభం లేదు, ఎందుకంటే పాడైంది హార్డ్ డిస్క్ కాదు.

అందరూ డ్రైవర్‌నే తిట్టారు. ఉబుంటు అయితే తన 8.10 టెస్ట్ వెర్షన్‌లో ఆ డ్రైవర్‌నే ఆపేసింది. గ్రాఫిక్స్ డ్రైవర్ మీద కూడా అనుమానం పడింది.

ఇలాంటప్పుడు మామూలుగా బైసెక్ట్ చేస్తారు. అంటే పాత వెర్షన్‌కీ కొత్త వెర్షన్‌కీ మధ్య ఉన్న వేల మార్పుల్ని సగానికి కోసి, టెస్ట్ చేసి, మళ్లీ సగానికి కోస్తారు. ఇక్కడ టెస్ట్ ఫెయిల్ అయిన ప్రతిసారీ ఒక కార్డు బలి, ముందే ఎన్‌వీఎం కాపీ తీసి పెట్టుకుంటే తప్ప. పైగా బగ్ ప్రతిసారీ రాదు. బాగానే ఉంది కదా అని నమ్మడానికీ లేదు. ఇంతకంటే చిరాకు డీబగ్గింగ్ నేనైతే వినలేదు.

చివరికి దొరికిన దొంగకి నెట్‌వర్క్‌తో సంబంధమే లేదు! పేరు ఎఫ్‌ట్రేస్. కెర్నల్‌లో ఏ ఫంక్షన్ ఎప్పుడు నడిచిందో చూపించే టూల్, రాసింది స్టీవెన్ రోస్టెడ్. ఫంక్షన్ మొదట్లో ట్రేసింగ్ కోసం ఒక కాల్ ఉంటుంది. ఎఫ్‌ట్రేస్ ఆ అడ్రస్ రాసిపెట్టుకుని, కాసేపాగి వచ్చి, ఆ కాల్‌ని ఏమీ చేయని ఇన్‌స్ట్రక్షన్‌గా మార్చేస్తుంది. స్పీడ్ తగ్గకుండా ఉండాలని.

ఇప్పుడు అద్దె ఇల్లు ఊహించుకోండి. కొంత కోడ్ స్టార్టింగ్‌లో ఒక్కసారే నడిచి మెమరీ ఖాళీ చేసి వెళ్లిపోతుంది. అదే అడ్రస్‌లోకి ఇంకొకరు దిగుతారు. ఈసారి దిగింది నెట్‌వర్క్ కార్డు ఎన్‌వీఎం. ఎఫ్‌ట్రేస్ డైరీలో మాత్రం పాత అడ్రస్ అలాగే ఉంది.

నిజానికి అది జాగ్రత్తగానే వచ్చింది. కంపేర్ అండ్ ఎక్స్‌చేంజ్ అనే ఇన్‌స్ట్రక్షన్ వాడింది: పాత కోడ్ ఉంటేనే మార్చు, లేకపోతే వదిలెయ్. కానీ ఎక్స్86 ప్రాసెసర్‌లో ఈ ఇన్‌స్ట్రక్షన్ పోలిక కుదరకపోయినా, చదివిన విలువనే తిరిగి రాస్తుంది. మామూలు ర్యామ్‌లో దానివల్ల నష్టం లేదు. హార్డ్‌వేర్ అడ్రస్ మీద మాత్రం రాయడం అంటే ఆర్డర్ వేసినట్టే. అలా ఎన్‌వీఎం పాడైంది.

మరి డ్రైవర్ తప్పు అస్సలు లేదా? నా లెక్కలో కొంచెం ఉంది. అంత ముఖ్యమైన మెమరీకి తాళం వెయ్యకుండా వదిలేసింది. అసలు కారణం ఇంకా దొరక్కముందే ఇంటెల్ వాళ్లు రైట్ ప్రొటెక్షన్ ప్యాచ్ ఇచ్చారు. 2008 అక్టోబర్‌లో 2.6.27 విడుదలైంది, ఆ వెంటనే వచ్చిన 2.6.27.1లో డైనమిక్ ఎఫ్‌ట్రేస్‌ని ఆపేశారు. తర్వాత రోస్టెడ్ డిజైనే మార్చేశాడు. ఆ కాల్స్ ఎక్కడెక్కడున్నాయో కెర్నల్ బిల్డ్ అయ్యేటప్పుడే లిస్ట్ తయారవుతుంది, తర్వాత వచ్చి డైరీ చూసి మార్చే పని లేదు.

మీ ఆండ్రాయిడ్ ఫోన్ నడిచేది కూడా లినక్స్ కెర్నల్ మీదే. డెవలపర్ ఆప్షన్స్‌లో సిస్టమ్ ట్రేసింగ్ అని కనిపిస్తుంది చూడండి, దాని వెనకాల పనిచేసేది ఈ ఎఫ్‌ట్రేసే.