పాత క్రీడా పత్రికలు

పల్నాటి వీరగాథలో ఆటలకు ఉన్న స్థానము చిన్నది కాదు. బ్రహ్మనాయునికిని, నాయకురాలు నాగమ్మకును నడుమ సాగిన కోడిపోరు ఒక రాజ్యమునే పణముగా ఒడ్డిన పందెము. బాలచంద్రుడు ఆడిన బొంగరమే అతనిని కార్యమపూడి రణరంగమునకు నడిపించినదని కథ చెప్పుచున్నది. 12వ శతాబ్దము నాటి ఈ ముచ్చటలు మన దాక ఎట్లు వచ్చినవి? వీరవిద్యావంతులు తరతరములుగా పాడినారు. శ్రీనాథుడు ద్విపదగా కూర్చినాడని ప్రసిద్ధి. 1911లో అక్కిరాజు ఉమాకాంతముగారు ఆ కావ్యమును అచ్చు వేయించినారు. కారెంపూడి వీరుల ఉత్సవములో నేటికిని ఒక దినమునకు కోడిపోరు అనియే పేరు. ఆడినవారు పోయినను, పాడినవారు, వ్రాసినవారు, దాచినవారు ఉండుటచేతనే ఆట నిలిచినది.

ఈ కాలపు ఆటలకు విద్యావంతులు లేరు. పత్రికలే ఆ పని చేసినవి. నాగపూరున తెలుగు కుటుంబమున జన్మించిన సి. కె. నాయుడుగారు 1926 డిసెంబరులో బొంబాయి జిమ్‌ఖానా మైదానమున ఎం. సి. సి. జట్టుపై 153 పరుగులు తీసినారు. అందులో సిక్సర్లే 11. బొంబాయి రేడియో కేంద్రము ప్రారంభమైనది 1927 జూలైలో. కనుక ఆ ఆటను చూడనివారికి మరునాటి పత్రికయే కన్ను, చెవి. 1932లో లార్డ్స్ మైదానమున భారతదేశపు మొదటి టెస్టునకు వారు నాయకులైనారు. మరుసటి యేడు విజ్డెన్ వార్షిక గ్రంథము వారిని ఆ యేటి అయిదుగురు మేటి ఆటగాండ్రలో ఒకరుగా ఎన్నుకొన్నది. 1864లో ఆరంభమైన ఆ గ్రంథపు పాత సంపుటములకై లోకమంతట సేకర్తలు పోటీపడుదురు.

మనకు దగ్గరి నిధి వేరొకటి కలదు. హిందూ పత్రికా సంస్థ మద్రాసునుండి 1947 మొదలు 1968 వరకు ‘స్పోర్ట్ అండ్ పాస్‌టైమ్’ అను వారపత్రికను వెలువరించినది. స్వతంత్ర భారతపు తొలి రెండు దశాబ్దముల క్రీడాచరిత్ర ఆ యేండ్లలోనే నడిచినది. 1952లో మద్రాసున ఇంగ్లండుపై సాధించిన తొలి టెస్టు విజయము, హైదరాబాదుకు చెందిన రహీముగారి శిక్షణలో 1956 మెల్బోర్న్ ఒలింపిక్సున ఫుట్‌బాలులో దక్కిన నాల్గవ స్థానము, 1962 జకార్తా ఆసియా క్రీడల స్వర్ణము – అన్నియు ఆ కాలపువే. తరువాతి గ్రంథములు ఫలితమును చెప్పును. ఆ వారపు పత్రిక ఆ నాటి ఆశను, సందేహమును, తుదకు బూట్ల ప్రకటనను సైతము చూపును. చరిత్రకారునికి కావలసినది అదియే.

అయితే ఇవి తాటాకులంత గట్టివి కావు. కొయ్యగుజ్జుతో చేసిన చౌక కాగితములోని ఆమ్లము దానిని లోలోపలనే తినివేయును; పుట పసుపువారి, పెళుసై, మడత వద్ద విరుగును. ఇనుప పిన్నులు త్రుప్పు పట్టును. చెదలు, వెండిపురుగులు ఉండనే ఉన్నవి. కావున సంచికలను ఎండ తగులని పొడిచోట పరుండబెట్టి పేర్చవలెను. చిరిగినచోట జిగురు టేపు అంటింపరాదు. బొమ్మలకై పుటలు కత్తిరింపరాదు. సంవత్సరము, సంచిక సంఖ్య వేరొక పుస్తకమున వ్రాసికొనవలెను. వరుస తెలిసినప్పుడే లోటు తెలియును. వేటపాలెము సారస్వత నికేతనము 1918 నుండి పాత పత్రికలను కూడ గ్రంథములతో సమముగా కాపాడి దారి చూపినది.

వేరొక మాట. నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతముల చెడుగుడు పోటీలకు, ఎడ్ల బండలాగుడు పందెములకు ప్రత్యేక పత్రికలు పుట్టలేదు. వాటి చరిత్ర దినపత్రికల మూలలలోను, తిరునాళ్ల కరపత్రములలోను మాత్రమే ఉన్నది. గెలిచిన జత పేరు, రైతు ఊరు, లాగిన దూరము ఆ చిన్న కాగితముపైననే దొరకును. మద్రాసు వారపత్రిక ఒక ప్రతి పోయినను వేరొకచోట దొరకవచ్చును. ఊరి కరపత్రము పోయిన మరి దొరకదు.

అటకమీది ట్రంకుపెట్టెను పొట్లాల దుకాణమునకు తూచి ఇచ్చుటకు ముందు శ్రోతలు ఒక్కమారు తెరచి చూతురుగాక. రేడియోలో విన్న ఆట గాలిలో కలిసిపోవును. దానిని మనుమలకు వినిపింపగలది ఆ పసుపుపచ్చని కాగితమే.