ఫొటోలో పెద్దది.. ప్లేట్‌లో చిన్నది! ఫుడ్ సైజ్‌పై రూల్స్ ఏం చెబుతున్నాయి?

యాడ్‌లో బర్గర్ చూస్తే రెండు చేతులూ చాలవు అన్నట్టు ఉంటుంది. తీరా డబ్బా తెరిస్తే అరచేతిలో ఇమిడిపోతుంది. బిర్యానీ 'ఫ్యామిలీ ప్యాక్' అంటారు.. ముగ్గురు వడ్డించుకునేసరికి నాలుగో మనిషికి రైతా మాత్రమే మిగులుతుంది. మరి ఇదంతా మోసం కిందకే వస్తుందా? కంప్లయింట్ చేస్తే నిలబడుతుందా? ముందుగా చూడాల్సింది ఒక్కటే. అమ్మేవాళ్లు అంకె చెప్పారా.. లేక పేరు మాత్రమే చెప్పారా?

ఒక్క బిస్కెట్ తగ్గింది.. లక్ష కట్టాల్సి వచ్చింది

అంకె చెబితే ఎలా ఉంటుందో తమిళనాడు కేసు చూస్తే అర్థమవుతుంది. 2021 డిసెంబర్‌లో చెన్నైకి చెందిన ఓ కస్టమర్ వీధి జంతువులకు పెట్టడానికి ఐటీసీ కంపెనీ సన్‌ఫీస్ట్ మారీ లైట్ బిస్కెట్ ప్యాకెట్లు కొన్నారు. కవర్ మీద 16 బిస్కెట్లు అని ఉంది. లెక్కపెడితే 15 ఉన్నాయి. తగ్గిన బిస్కెట్ విలువ 75 పైసలు! చాలామంది అక్కడితో వదిలేస్తారు. ఆయన వదల్లేదు. రోజూ లక్షల ప్యాకెట్లు అమ్ముడయ్యే చోట 75 పైసలంటే ఎంత అవుతుందో లెక్క గట్టి మరీ తిరువళ్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లారు.

తాము అమ్మేది బరువు లెక్కన, సంఖ్య లెక్కన కాదని కంపెనీ వాదించింది. ప్యాకెట్‌పై ఉన్న బరువు 76 గ్రాములు. తూకం వేస్తే 74 గ్రాములే వచ్చింది. ఆ సైజ్ ప్యాకెట్‌కు 4.5 గ్రాముల వరకు తేడా ఉండొచ్చని రూల్స్‌లో ఉంది కదా అని కంపెనీ చెప్పుకొచ్చింది. కమిషన్ ఒప్పుకోలేదు. కవర్ మీద 16 అని వేసి కస్టమర్‌ను ఆకర్షించినప్పుడు 16 ఇవ్వాల్సిందేనని తేల్చింది. 2023 ఆగస్టులో లక్ష రూపాయల పరిహారం చెల్లించాలని ఆదేశించింది. గమనించారా.. బరువు దగ్గర కాస్తో కూస్తో వాదించుకునే వీలున్న కంపెనీ, తాను అచ్చు వేసిన అంకె దగ్గరే దొరికిపోయింది.

కేరళలో తేడా ఇంకా పెద్దది. బ్రిటానియా బిస్కెట్ ప్యాకెట్‌పై 300 గ్రాములు అని ఉంటే, తూకంలో ఒకటి 268 గ్రాములు, ఇంకొకటి 249 గ్రాములు తూగాయి. 300 గ్రాముల ప్యాకెట్‌కు రూల్స్ ఒప్పుకునే తేడా 9 గ్రాములే. 2024లో త్రిస్సూర్ కమిషన్ పరిహారం, ఖర్చులు కలిపి రూ.60 వేలు ఇవ్వాలని చెప్పింది.

మరి హోటల్ పార్శిల్ సంగతేంటి?

అసలు చిక్కంతా ఇక్కడే. ప్యాకెట్ సరుకు మీద నికర బరువు తప్పనిసరిగా ఉండాలన్నది 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్. కానీ హోటళ్లు, రెస్టారెంట్లు ప్యాక్ చేసి ఇచ్చే ఫాస్ట్ ఫుడ్‌కు అదే రూల్స్‌లో మినహాయింపు ఉంది. అందుకే బిర్యానీ డబ్బా మీద గ్రాములు కనిపించవు. సింగిల్, ఫుల్, జంబో, ఫ్యామిలీ.. ఇవన్నీ పేర్లే. ఎన్ని గ్రాముల అన్నం, ఎన్ని ముక్కలు అన్నది ఆ హోటల్ ఇష్టం. మెనూలో 'నలుగురికి' అనో, 'ఆరు ముక్కలు' అనో రాసి ఉంటే మాత్రం అడగడానికి ఒక ఆధారం దొరికినట్టే. ఆ పేజీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవడం మంచిది.

పెద్ద చైన్ రెస్టారెంట్ల విషయంలో ఇంకో దారి ఉంది. 10 లేదా అంతకన్నా ఎక్కువ చోట్ల నడిచే చైన్లు ఒక్కో ఐటమ్ పక్కన క్యాలరీలతో పాటు సర్వింగ్ సైజ్ కూడా చూపించాలని ఎఫ్ఎస్ఎస్ఏఐ రూల్ పెట్టింది. చాలామంది క్యాలరీలు చూసి వదిలేస్తారు. కానీ పక్కనే ఉన్న గ్రాముల అంకె ఇంకా పనికొస్తుంది.

11 అంగుళాల 'ఫుట్‌లాంగ్'

పేరుకూ కొలతకూ మధ్య గొడవ అంటే ముందు గుర్తొచ్చేది సబ్‌వే కేసు. 2013 జనవరిలో ఆస్ట్రేలియాలో ఓ కుర్రాడు సబ్‌వే ఫుట్‌లాంగ్ శాండ్‌విచ్ పక్కన టేప్ పెట్టి ఫొటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టాడు. 12 ఉండాల్సింది 11 అంగుళాలే ఉంది. ఫుట్‌లాంగ్ అనేది పేరే తప్ప కొలత కాదని అక్కడి సబ్‌వే సమాధానం ఇవ్వడంతో జనం ఇంకా మండిపడ్డారు. అమెరికాలో వరుసగా కేసులు పడ్డాయి. చివరికి రాజీ కుదిరింది. లాయర్లకు 5 లక్షల డాలర్లకు పైనే ఫీజు.. మామూలు కస్టమర్‌కు చేతికొచ్చింది సున్నా! 2017లో అప్పీల్ కోర్టు ఆ రాజీని కొట్టేసింది. విచారణలో బయటపడిన సంగతి ఏంటంటే, పిండి ముద్దల బరువు అన్నింటికీ ఒకటే. ఓవెన్‌లో కాలేటప్పుడు కొన్ని పొడవుగా, కొన్ని లావుగా వస్తాయి. అంటే పొడవు తగ్గినా తిండి తగ్గలేదు.

బర్గర్ విషయంలోనూ ఇలాంటిదే. క్వార్టర్ పౌండర్ అంటే దాదాపు 113 గ్రాములు, అదీ వండక ముందు బరువు. కిలో మటన్ తెచ్చి వండితే గిన్నెలో ఎంత మిగులుతుందో మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. యాడ్‌లో ప్యాటీ పెద్దగా చూపిస్తున్నారంటూ మెక్‌డొనాల్డ్స్, వెండీస్‌పై వేసిన కేసును న్యూయార్క్ ఫెడరల్ కోర్టు 2023లో కొట్టేసింది. అదే ఏడాది బర్గర్ కింగ్ వొప్పర్ కేసులో మాత్రం, స్టోర్‌లోని మెనూ బోర్డు బొమ్మల విషయంలో విచారణ సాగొచ్చని మరో జడ్జి అన్నారు.

రోజూ మనం మోసపోయేది ఎక్కడ?

కోర్టుల దాకా వెళ్లనివే ఎక్కువ. స్వీట్ షాపులో అట్ట డబ్బాతో కలిపి తూకం వేయడం రూల్స్‌కు విరుద్ధం. కిలో రూ.800 స్వీటు, డబ్బా 80 గ్రాములు అనుకుంటే.. అట్టకే రూ.64 కట్టినట్టు! ముందు ఖాళీ డబ్బా పెట్టి కాటా సున్నా చేయమని అడిగితే సరిపోతుంది.

ఐస్‌క్రీమ్‌ను లీటర్లలో అమ్ముతారు, కిలోల్లో కాదు. అందులో గాలి కలుస్తుంది కాబట్టి లీటర్ ఐస్‌క్రీమ్ కనీసం 525 గ్రాములు ఉంటే చాలని ప్రమాణం. ఇది మోసం కాదు, కానీ చాలామందికి తెలియదు. రెండు బ్రాండ్లను పోల్చాలంటే డబ్బా చేత్తో ఎత్తి చూడాల్సిందే.

పిజ్జాకు ఇంకో లెక్క. 7 అంగుళాల పిజ్జాలు రెండు కలిపితే, 10 అంగుళాల పిజ్జా ఒక్కదానికి కూడా సరిగ్గా సమానం కాదు, కొంచెం తక్కువే. 'రెండు రెగ్యులర్' ఆఫర్ చూసినప్పుడు ఒక మీడియం రేటు కూడా చూసుకోండి.

ఫిర్యాదు ఎలా?

తేడా అనిపిస్తే బిల్లు పారేయొద్దు. అదే బ్యాచ్‌లో తెరవని ప్యాకెట్ ఒకటి పక్కన పెట్టండి. తెరిచిన ప్యాకెట్ ఎంత తూగినా 'మీరే తీసేశారు' అంటారు. నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ నంబర్ 1915కు ఫోన్ చేయొచ్చు. తూకం తేడా అయితే స్థానిక తూనికలు, కొలతల శాఖకు చెప్పాలి. పరిహారం కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. కొన్న వస్తువు విలువ రూ.5 లక్షల లోపు ఉంటే అక్కడ కేసు వేయడానికి ఫీజు లేదు.