చంద్రగిరి: గెలిచిన సేనల ఏలుబడి

1565 జనవరిలో రాక్షసి-తంగడి యుద్ధం ముగిశాక గెలిచిన దక్కన్ సుల్తానుల సేనలు విజయనగరంలో నెలల తరబడి మకాం వేసి కొల్లగొట్టాయి. దోచుకున్నాయే గానీ అక్కడ పాలన నిలబెట్టలేదు. నగరం పాడుపడింది. అరవీటి రాజులు ముందు పెనుకొండకు, రెండవ వెంకటపతి రాయల కాలంలో చంద్రగిరికి రాజధానిని తరలించారు. కొండ మీద కోట, కొండ అడుగున మహళ్ళు, చుట్టూ పెద్దపెద్ద బండరాళ్ళు పేర్చిన ప్రాకారం ఉన్న ఈ ఊరు రాజ్యానికి మిగిలిన గట్టి ఆసరాల్లో ఒకటయింది.

ఆ ఆసరా 1646లో గోల్కొండ పాలైంది. దండయాత్ర నడిపిన మీర్ జుమ్లా ఇరాన్ నుంచి వచ్చిన వజ్రాల వర్తకుడు. గెలిచిన కర్ణాటక సీమను అతడు సొంత సైన్యంతో, దాదాపు సొంత రాజ్యంలాగే ఏలాడు. గండికోట అతనికి ముఖ్య స్థావరం. కోటల్లో దండు, పల్లెల్లో ఇజారాదారు: గోల్కొండ పద్ధతి ఇదే. ఎక్కువ శిస్తుకు పాడుకున్నవాడు ఆ సొమ్ము రైతు దగ్గరే రాబట్టుకునేవాడు. యుద్ధం ఒక్కసారి ముగిసినా దాని ఖర్చు ఏటేటా రైతు మీద పడుతూనే ఉండేదన్నమాట.

1687లో గోల్కొండ మొగలుల వశమైంది. వాళ్ళ ఫౌజుదార్లే తర్వాత ఆర్కాటు నవాబులయ్యారు. 1740లో చంద్రగిరికి దగ్గరలోని దామలచెరువు కనుమలో నవాబు దోస్త్ అలీ ఖాన్ మరాఠాల చేతిలో హతమయ్యాడు. మరాఠాలు సొమ్ముకు ఒప్పందం చేసుకున్నారు తప్ప ఈ సీమలో పాలనకు పూనుకోలేదు.

కోటకు అసలు విలువ దగ్గరలోని తిరుపతి వల్ల వచ్చింది. యాత్రికుల కానుకలతో వచ్చే కొండ రాబడి నవాబు బొక్కసానికి పెద్ద దన్ను. ఇంగ్లీషు కంపెనీకి పడిన బాకీల కింద నవాబు మహమ్మద్ అలీ దాన్నే రాసిచ్చాడు. 1758 నాటికి చంద్రగిరి కోట నవాబు తమ్ముడు అబ్దుల్ వహాబ్ ఖాన్ చేతిలో ఉంది. తిరుపతికి రక్షకుడినని అతడు ప్రకటించుకున్నాడు. ఆ రక్షణ వెనక భక్తి కంటే రాబడి లెక్కే ఎక్కువ.

1782లో మైసూరు పాలకుడు హైదర్ అలీ కోటను లొంగదీసుకున్నాడు. అదే ఏడు డిసెంబరు 7న చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేట శిబిరంలో కన్నుమూశాడు. కొడుకు టిప్పు వచ్చేదాకా ఆ కబురు సైన్యానికి పొక్కనివ్వలేదు. 1792 శ్రీరంగపట్నం సంధి దాకా చంద్రగిరి మైసూరు కిందే ఉంది.

1801లో కర్ణాటకం కంపెనీపరమైంది. పాలెగాళ్ళు తిరగబడితే కంపెనీ కూడా సైన్యాన్నే దింపింది. కానీ రాబడి లెక్క కోట నుంచి కచేరీకి మారింది. ఉత్తర ఆర్కాటు కలెక్టరు స్ట్రాటన్ 1803లో తిరుమల ఆలయ జమాఖర్చులు, ఉద్యోగుల వివరాలు రాసి పైకి పంపాడు. 1843లో ఆలయ నిర్వహణ హాథీరాంజీ మఠం మహంతుకు దక్కింది. చంద్రగిరిని పట్టినవాడికే కొండ రాబడి అన్న పాత లెక్కకు అప్పటికే కాలం చెల్లింది.